హెడ్ దించే ముందు మూత చూడండి

షెడ్డు కబుర్లు: పాత బళ్ల మీద పాఠకుల ప్రశ్నలు, మేస్త్రి జవాబులు

ఈసారి వచ్చిన ఉత్తరాల్లో ఎక్కువ భాగం పాత మహీంద్రా డీఐ టర్బో (డీజిల్‌ని నేరుగా సిలిండర్‌లోకి చిమ్మే టర్బో ఇంజన్) గురించే. పాత బొలెరో డీఐ అయినా, 2010లో వచ్చిన మొదటి థార్ డీఐ అయినా బానెట్ ఎత్తితే కనిపించేది 2523 సీసీ ఇంజనే కాబట్టి అన్నిటికీ ఒకచోటే జవాబులు రాస్తున్నాను. నర్సీపట్నం షెడ్డులో ఈ ఇంజన్ ఎన్నిసార్లు విప్పానో నాకు లెక్క లేదు. అనవసరంగా విప్పినవి మాత్రం గుర్తున్నాయి.

ప్రశ్న: నాది 2012 థార్ డీఐ, ఫోర్ బై ఫోర్. సీజన్‌లో టూరిస్టుల్ని కటికి జలపాతం దారిలో తిప్పుతుంటాను. ఏడాదిగా ఘాటీ ఎక్కేటప్పుడు హీట్ ముల్లు పైకి పోతోంది. కిందకి దిగితే మామూలే. రెండుసార్లు హెడ్ (ఇంజన్ పై భాగం) దించి ప్యాకింగ్ (దాని కింద కారకుండా వేసే రేకు) మార్చారు. రెండోసారి హెడ్ ఫేసింగ్ (అడుగు చదును చేయడం) కూడా కొట్టించాను. మొత్తం నలభై వేలు దాటింది. ఇప్పుడేమో ఇంజనే మార్చెయ్యమంటున్నారు. ఏం చెయ్యమంటారు?
అరకు నుంచి ఒక పాఠకుడు

జవాబు: ఇంజన్ జోలికి అప్పుడే పోకండి. రేపు పొద్దున్న, బండి పూర్తిగా చల్లారి ఉన్నప్పుడు, రేడియేటర్ మూత తీసి వెలుతుర్లోకి పట్టుకెళ్లి తిప్పి చూడండి. కింద ఒక స్ప్రింగు, దాని కొసన రబ్బరు వాచర్ ఉంటాయి. బొటనవేలితో నొక్కితే స్ప్రింగు గట్టిగా ఎదురు తన్నాలి. మెత్తగా దిగిపోతే దాని పని అయిపోయినట్టే. రబ్బరు మీద గుండ్రంగా లోతైన గాడి పడినా, గోటితో గీస్తే నల్లగా పొడి రాలినా అంతే.

ఇంత చిన్న మూతకి ఇంత కథేమిటంటారా? మూత లేని గిన్నెలో నీళ్లు 100 డిగ్రీలకు మరుగుతాయని చిన్నప్పుడు చదువుకున్నాం. అరకు సుమారు 900 మీటర్ల ఎత్తు. అక్కడ 97 దగ్గరే మరిగిపోతాయి. కొండ మీద పప్పు తొందరగా ఉడకనిది అందుకే. మూత బాగుండి లోపల ఒత్తిడి నిలబెడితే, కూలెంట్ కలిపిన నీళ్లు 120 దగ్గరి దాకా మరగకుండా ఓర్చుకుంటాయి. స్ప్రింగు సడలితే ఆ ఇరవై డిగ్రీల వెసులుబాటు పోయినట్టే. మైదానంలో ఇంజన్‌కి ఆ అవసరం రాదు, అందుకే మీకు తేడా తెలియడం లేదు. ఎనిమిది మందిని ఎక్కించుకుని రెండో గేర్లో ఘాటీ ఎక్కుతుంటే హెడ్ లోపల నీళ్లు ఆవిరవుతాయి. ఆవిరి ఉన్న చోట ఇనుము చల్లబడదు. ప్యాకింగ్ మాడిపోతుంది. కొత్త ప్యాకింగ్ వేసి, పాత మూతే మళ్లీ బిగిస్తే అది మాత్రం ఎన్నాళ్లు నిలుస్తుంది?

రెండో సంగతి, థర్మోస్టాట్ ఉందో లేదో చూడండి. మా వృత్తిలో ఒక చెడ్డ అలవాటుంది. బండి హీట్ ఎక్కుతోందని రాగానే థర్మోస్టాట్ పీకి డబ్బాలో పారేసి, "మన ఎండలకి ఇదెందుకండీ" అంటాం. నేనూ అన్నాను. తప్పు. అది 80 డిగ్రీలు దాటాక తెరుచుకుని నీళ్లని రేడియేటర్‌కి పంపుతుంది. చాలా ఇంజన్లలో అదే సమయంలో పక్కనున్న బైపాస్ దారిని మూస్తుంది కూడా. దాన్ని పీకేస్తే ఆ దారి ఎప్పుడూ తెరిచే ఉంటుంది, కొన్ని నీళ్లు రేడియేటర్ మొహం చూడకుండా ఇంజన్‌లోనే గిరగిరా తిరుగుతాయి. పొద్దున్న చలిలో ఇంజన్ వేడెక్కక డీజిల్ తాగుతుంది, మధ్యాహ్నం ఘాటీలో మరుగుతుంది. రెండు విధాలా నష్టమే. కొత్తది కొన్నాక వేడినీళ్ల గిన్నెలో వేసి తెరుచుకుంటోందో లేదో కళ్లతో చూసి మరీ బిగించుకోండి.

మూడోది నేను దెబ్బ తిని నేర్చుకున్నది. కుర్రవాడిగా ఉన్నప్పుడు పాడేరు నుంచి ఒక కమాండర్ జీపు వచ్చింది, మీ బండి జబ్బే. హెడ్ దించాను. పది రోజులకి మళ్లీ వచ్చింది. మళ్లీ దించాను. మూడోసారి మా మేస్త్రి భోజనం చేసి వచ్చి, చెయ్యి తుడుచుకుంటూ, "పేపరుందిరా?" అన్నారు. చదువుకోడానికేమో అనుకుని ఇచ్చాను. బండి స్టార్ట్ చేయించి, బాగా వేడెక్కాక, ఆ పేపరు రేడియేటర్ ముందు పెట్టి వదిలేశారు. ఫ్యాన్ గాలి లాగుతుంటే పేపరు జాలీకి అంటుకుని నిలబడాలి. పైన నాలుగు వేళ్ల మేర అంటుకుంది, కిందంతా వదులుగా ఊగుతోంది. లోపల లైటు వేసి చూస్తే రేకుల సందుల్లో ఎర్రమట్టి, గడ్డి నూగు, చీమల గూడులా పేరుకుపోయి ఉన్నాయి. ఆయన నన్నేమీ అనలేదు. నీళ్ల పైపు నా చేతిలో పెట్టి వెళ్లిపోయారు.

మీ దారి కూడా ఎర్రమట్టే కదా, ఈ పరీక్ష చేయండి. కడిగేటప్పుడు ఫ్యాన్ వైపు నుంచి బయటికి నీళ్లు కొట్టాలి. ముందు నుంచి కొడితే మట్టి ఇంకా లోపలికి దిగుతుంది. వాటర్ సర్వీసింగ్ గన్ దగ్గరగా పెట్టారంటే రేకులు పడుకుంటాయి, మామూలు పైపు చాలు. ఓపిక కావాలి, గంట పడుతుంది.

ఇవన్నీ బాగున్నాకా హీట్ ఎక్కితే అప్పుడు ప్యాకింగ్‌ని అనుమానించండి. దానికీ హెడ్ దించక్కర్లేదు. చల్లటి ఇంజన్ మూత తీసి స్టార్ట్ చేస్తే, నీళ్లలో ఆగకుండా బుడగలు వస్తున్నాయా? మూత పెట్టి స్టార్ట్ చేసిన నిమిషంలోపే, నీళ్లింకా చల్లగా ఉండగానే, పై హోస్ పైపు రాయిలా గట్టిపడుతోందా? రెండిటికీ అవునని జవాబు వస్తే హెడ్ దించాల్సిందే. ఆయిల్ మూత లోపల మీగడలాంటి తెట్టు కనబడగానే మాత్రం హడలిపోకండి. మీ చలికి, దగ్గర దగ్గర తిరుగుళ్లకి తేమ చేరి అలా అవుతుంది. డిప్ స్టిక్ మీద ఆయిల్ కూడా పాలకాఫీ రంగులో ఉంటేనే భయపడాలి.

బోరు నీళ్లు పొయ్యకండి. మా అల్లుడి ఊళ్లో బోరు నీళ్లు పోసిన ట్రాక్టర్ రేడియేటర్ విప్పితే గొట్టాల్లో టీ గిన్నెకి పట్టినట్టు తెల్ల పొర.

ప్రశ్న: మా ఆయన బొలెరో ఇంటి ముందు ఆపాక పది నిమిషాలు ఇంజన్ ఆపరు. "టర్బో చల్లారాలి" అంటారు. ఆ పొగంతా మా వంటింట్లోకి, పక్కవాళ్ల వరండాలోకి. రోజూ గొడవే. నిజంగా అంతసేపు అవసరమా?
పేరు రాయని గృహిణి, కాకినాడ

జవాబు: అక్కర్లేదమ్మా. ఆయన చెప్పేదాంట్లో నిజం లేకపోలేదు. టర్బో అంటే పొగ తోపుతో తిరిగి ఇంజన్‌లోకి గాలి నొక్కేది, దాని ఇరుసు నిమిషానికి లక్షకు పైగా తిరుగుతుంది, పల్చటి ఆయిల్ పొర మీద తేలుతూ. పొగ వెళ్లే వైపు ఎర్రగా కాలిపోయి ఉంటుంది. ఘాటీ ఎక్కి వచ్చి టక్కున ఆపేస్తే ఆయిల్ రావడం ఆగిపోయి, ఉన్న కాస్తా మాడి బొగ్గవుతుంది. దానికి ఒకటి, రెండు నిమిషాలు చాలు. పైగా ఊళ్లోకి వచ్చాక చివరి అర కిలోమీటరు ఎలాగూ నెమ్మదిగానే నడుపుతారు, ఆ పాటికే చాలావరకు చల్లారిపోతుంది. పది నిమిషాలు ఊరికే నిలబెడితే డీజిల్ సరిగా కాలక నాజిల్స్‌కి (డీజిల్ చిమ్మే మూతులకి) మసి పడుతుంది. ఈ కాలమ్ కత్తిరించి స్టీరింగ్ మీద అంటించండి. ఆయన అడిగితే నా పేరు చెప్పండి.

ప్రశ్న: మాది 2009 బొలెరో, అహోబిలంలో పావన నరసింహ స్వామి గుడికి అడవి దారిలో భక్తుల్ని తీసుకెళ్తాం. నెల నుంచి పికప్ లేదు, రేస్ ఇస్తే నల్లటి పొగ కొడుతోంది. టర్బో పోయిందని, కొత్తది వెయ్యాలని చెప్పారు. సెకండ్ హ్యాండ్ టర్బో దొరికితే వేయించుకోవచ్చా?
నంద్యాల జిల్లా నుంచి

జవాబు: నల్ల పొగంటే డీజిల్‌కి సరిపడా గాలి అందడం లేదని అర్థం. గాలి ఎక్కడ ఆగుతోందో, ఎక్కడ కారుతోందో చూడకుండా టర్బో కొనడం, ఆకలేస్తోందన్నవాడికి పళ్లు కట్టించడం లాంటిది.

ఎయిర్ క్లీనర్ విప్పండి. ఆ దారి దుమ్ముకి కంపెనీ చెప్పిన కిలోమీటర్ల లెక్క పనికిరాదు. నేనైతే ముందు జీపు వెనకాల దుమ్ములో తిరిగే బండికి వారం వారం చూడమంటాను. ఫిల్టర్ లోపల ఒక లైటు పెట్టి బయటి నుంచి చూస్తే వెలుగు కనబడాలి. కనబడకపోతే కొత్తది వేయండి. కంప్రెసర్ గాలి గట్టిగా కొట్టి కొట్టి వాడితే కాగితానికి సన్నటి చిల్లులు పడతాయి, ఆ దుమ్ము నేరుగా టర్బో రెక్కల్ని, ఇంజన్ బోరుని (సిలిండర్ లోపలి గోడని) అరగదీస్తుంది. ఐదొందలు మిగిల్చుకున్నామనుకుంటాం.

తర్వాత టర్బో నుంచి ఇంజన్‌కి గాలి వెళ్లే రబ్బరు హోస్‌లు. నా అనుభవంలో పికప్ పోయిన డీఐ బళ్లలో ఎక్కువ దొరికే దొంగ ఇదే. ఇంటర్‌కూలర్ (టర్బో గాలిని చల్లార్చేది) ఉన్న బండైతే ఇంకా ఎక్కువ జాయింట్లు. చల్లగా ఉన్నప్పుడు ఒక్కో హోస్ చేత్తో తడమండి. టర్బో గాలిలో ఎప్పుడూ కాస్త ఆయిల్ తుంపర ఉంటుంది. పగులు ఉన్నచోట అది బయటికి చిమ్మి, దాని మీద దుమ్ము అంటుకుని, నల్లగా నడుమ్మీద మొలతాడులా ఒక గీత పడుతుంది. చాలాసార్లు అది క్లిప్ పక్కనో, వంపు కింది భాగంలోనో ఉంటుంది, పైనుంచి చూస్తే కనబడదు. వేలు పెట్టి వంచితే నోరు తెరుస్తుంది. ఇంజన్ నిలబడి ఉండగా గాలి ఒత్తిడి లేదు కాబట్టి ఆ పగులు మూసుకునే ఉంటుంది, రేస్ ఇస్తేనే తెరుచుకుంటుంది. మీరు నడిపేటప్పుడు టర్బో "సుయ్" మనే శబ్దం పోయి "సర్ర్" మని వస్తోందా? అయితే హోసే.

అవీ బాగుంటే టర్బోకి గాలి లోపలికి వెళ్లే వైపు పైపు తీసి, ఇరుసు కొసని వేళ్లతో పట్టుకుని కదిపి చూడండి. పక్కలకి కొద్దిగా ఆడటం మామూలే, అది ఆయిల్ పొరకి వదిలిన సందు. ముందుకీ వెనక్కీ చేతికి తెలిసేలా కదిలినా, రెక్కలు గోడకి రాసుకున్న గీతలున్నా అది పోయినట్టే. సెకండ్ హ్యాండ్ టర్బో మాత్రం వద్దు, మంచి షాపులో మీదే రిపేరు చేయించుకోండి. కొత్తగా బిగించాక ఒక చెంచా కాదు, కాస్త ఎక్కువే ఆయిల్ దాని నోట్లో పోసి, డీజిల్ ఆపి ఉంచి, సెల్ఫ్ కొట్టి ఆయిల్ లైటు ఆరేదాకా తిప్పి, అప్పుడు స్టార్ట్ చేయమనండి. ఎండు టర్బో తిరిగిన మొదటి పది సెకన్లలోనే సగం చస్తుంది. పాతది ఎందుకు పోయిందో కూడా అడగండి. ఆయిల్ తిరిగి వచ్చే పైపు మసి పట్టి మూసుకుపోయి ఉంటే కొత్తదీ అదే దారి పడుతుంది.

ఇంకో అనుమానం. ఈమధ్య ఎవరైనా "పికప్ పెంచుతా" అని డీజిల్ పంపు స్క్రూ తిప్పారా? ఆ స్క్రూ తిప్పితే డీజిల్ ఎక్కువొస్తుంది, గాలి పెరగదు. రెండ్రోజులు బండి ఎగిరినట్టుంటుంది, తర్వాత పొగే. పంపు కాలిబ్రేషన్ షాపులో బెంచ్ మీద పెట్టి సెట్ చేయించాల్సిందే, చెవితో విని తిప్పేది కాదు.

ప్రశ్న: బీఎస్ 6 డీజిల్ పాత ఇంజన్ పంపుని తినేస్తుందట, లీటరుకి ఇంత అని 2టీ ఆయిల్ (టూ స్ట్రోక్ బళ్ల పెట్రోల్‌లో కలిపేది) కలపాలట. నిజమేనా? కిరోసిన్ కలిపితే పొగ తగ్గుతుందని కూడా అంటున్నారు.
ఖమ్మం నుంచి

జవాబు: 2020 ఏప్రిల్ నుంచి దేశమంతా బీఎస్ 6 డీజిలే. గంధకం 50 పీపీఎం నుంచి 10కి తగ్గింది. గంధకం తీసే పద్ధతిలో డీజిల్ జిడ్డు తగ్గే మాట నిజమే. దానికి విరుగుడు మందు రిఫైనరీ వాళ్లే కలిపి పంపుతారు. 2టీ ఆయిల్ మీరు కలపక్కర్లేదు. పాత పంపులో గట్టిపడిన రబ్బరు సీళ్లు కొత్త డీజిల్‌కి కాస్త ముడుచుకుని చెమర్చవచ్చు. అప్పుడు సీల్ కిట్ వేయిస్తే సరిపోతుంది. కిరోసిన్ మాత్రం విషం. పంపు లోపల జిడ్డంటే డీజిలే, దాన్ని పల్చన చేస్తే ఇనుము ఇనుముతో రాసుకుంటుంది.

దీనికన్నా అసలు ప్రమాదం డబ్బాల్లో కొనే డీజిల్. సంతలో డ్రమ్ము నుంచి పోయించుకున్నప్పుడు ఒక గాజు సీసాలో పట్టి రాత్రంతా కదపకుండా ఉంచి చూడండి. అడుగున నీళ్ల పొర ఎంతుందో చూస్తే మీకే తెలుస్తుంది. వారానికోసారి ఫిల్టర్ కింది స్క్రూ వదులు చేసి నీళ్లు వదలండి. వదిలాక చేతి పంపు కొట్టి ఎయిర్ తీయడం మర్చిపోతే నడిరోడ్డు మీద ఆగుతారు.

ప్రశ్న: మొన్న వర్షాల్లో మారేడుమిల్లి దగ్గర వాగు దాటుతుంటే థార్ మధ్యలో ఆగింది. సెల్ఫ్ కొడితే "టక్" మని ఒక్క చప్పుడు, తిరగలేదు. తాడు కట్టి లాగించాం. తర్వాత నాజిల్స్ విప్పి నీళ్లు తీస్తే స్టార్ట్ అయింది కానీ ఒక సిలిండర్ సరిగా కొట్టడం లేదు, సన్నగా వణుకుతోంది.
రాజమహేంద్రవరం నుంచి

జవాబు: ఆ "టక్" చప్పుడుతోనే కనెక్టింగ్ రాడ్ (పిస్టన్ కింద ఉండే కడ్డీ) వంగిపోయి ఉంటుంది. గాలిని నొక్కితే నలుగుతుంది, నీళ్లు నలగవు. పిస్టన్ పైకి వచ్చి నీళ్లకి గుద్దుకుంటే వంగేది రాడ్డే. నాలుగు సిలిండర్ల కంప్రెషన్ కొలిపించండి, తక్కువ వచ్చినదాంట్లో రాడ్ మార్చాలి. వంగిన రాడ్‌తో తిప్పితే ఏదో ఒకరోజు బ్లాకు పగలగొట్టుకుని బయటికొస్తుంది. ఇది మాత్రం వాయిదా వేయకండి.

ఇంకోసారి వాగులో ఆగితే సెల్ఫ్ ముట్టుకోవద్దు. నీళ్ల లోతు ముందు కర్రతోనో, కాళ్లతోనో చూసుకుని, ఫోర్ బై ఫోర్ లో రేంజ్‌లో ఒకటో గేరు వేసి, రేస్ ఒకేలా ఉంచి వెళ్లిపోవాలి. ఉధృతంగా ఉంటే వెనక్కి తిరగండి, అవతల ఒడ్డున ఎవరి పెళ్లీ ఆగిపోదు.

మీరు అడగనిది ఒకటి చెప్తాను. ముందు, వెనక ఇరుసుల డిఫరెన్షియల్ (చక్రాలకి శక్తి పంచే పళ్ల చక్రాల పెట్టె) ఆయిల్ స్క్రూ విప్పి చూడండి. వేడి మీదున్న ఇరుసు చల్లటి నీళ్లలో మునిగితే లోపలి గాలి కుంచించుకుపోయి బయటి నుంచి పీలుస్తుంది. పైనున్న గాలి పైపు మట్టితో మూసుకుపోయి ఉంటే సీలు సందుల్లోంచి నీళ్లే పీలుస్తుంది. ఆయిల్ మజ్జిగలా ఉంటే వెంటనే మార్చండి.

ప్రశ్న: సాఫ్ట్‌వేర్ ఉద్యోగం, వారాంతాల్లో వికారాబాద్ అనంతగిరి వైపు తిరగడానికి పాత థార్ డీఐ కొనాలనుంది. నమ్మకమైన ఇంజనేనా? కొనేటప్పుడు ఏం చూడాలి?
హైదరాబాద్ నుంచి

జవాబు: ఈ ఇంజన్ పుట్టుక ట్రాక్టర్‌లో బాబూ. ఇంటర్నేషనల్ హార్వెస్టర్ వాళ్ల పాత ట్రాక్టర్ ఇంజన్ బోరు మూడున్నర అంగుళాలు, స్ట్రోకు నాలుగు అంగుళాలు. నాలుగు సిలిండర్లకి లెక్క వేసుకోండి, 2523 సీసీ వస్తుంది. మహీంద్రా వాళ్లు ఆ కంపెనీతో కలిసి 1963లో మన దగ్గర ట్రాక్టర్లు మొదలుపెట్టారు, అలా వచ్చిన వంశం ఇది. తర్వాత టర్బో తగిలించారు. థార్‌లో 63 హార్స్ పవర్. టైమింగ్ బెల్టు తెగే భయం లేదు, పళ్ల చక్రాలే. సెన్సార్ల గోల లేదు. ఏ ఊళ్లో ఆగినా పానా పట్టుకున్నవాడు ఒకడు దొరుకుతాడు. అవుటర్ రింగ్ రోడ్డు మీద 100లో పోవాలని ఉంటే మాత్రం ఇది కొనకండి. ట్రాక్టర్‌ని పరుగు పందెంలో పెట్టినట్టుంటుంది, చెవులు హోరెత్తుతాయి, హీట్ ఎక్కుతుంది. 70లో హాయిగా పోతుంది.

ఆర్సీ తేదీ చూడండి. 15 ఏళ్లకి ఫిట్‌నెస్ చేయించి రిన్యూవల్ చేయించాలి, ఆ తర్వాత ఐదేళ్లకోసారి. 2011 బండంటే ఆ ఖర్చు మీ నెత్తినే.

ఇంజన్ నడుస్తుండగా ఆయిల్ పోసే మూత విప్పి, అదే రంధ్రం మీద తిరగేసి వదులుగా పెట్టండి. కాస్త గజగజలాడితే ఫరవాలేదు. ఎగిరి కింద పడితే రింగులు, బోరు అరిగినట్టు. వేడెక్కాక కూడా నీలం పొగ వస్తుంటే ఆయిల్ తాగుతోంది. తెల్ల పొగ చలిలో స్టార్ట్ చేసిన రెండు నిమిషాలు వస్తే పర్వాలేదు, తర్వాతా ఆగకుండా తియ్యటి వాసనతో వస్తుంటే కూలెంట్ కాలుతోంది.

ఇవన్నీ చల్లటి ఇంజన్‌తో మొదలుపెట్టి చూస్తేనే తేలతాయి. పదింటికి వస్తానని చెప్పి ఎనిమిదింటికి వెళ్లండి. పలకరింపులవుతుండగా బానెట్ మీద చెయ్యి వేసి చూడండి. వెచ్చగా ఉంటే, టీ ఇస్తారు, తాగి వచ్చేయండి.